కుండీకి నీళ్ళు ఎప్పుడు పోయాలి: మీటరు, కాటా, పన్నెండు నెలల లెక్కలు

ముందటేడు వానాకాలంలో మా డాబా మీద మూడు మొక్కలు పోయాయి. రెండు మల్లె అంట్లు, ఒక నిమ్మ. పీకి చూస్తే వేళ్ళు గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి, వేలితో పట్టుకుంటే పైతొక్క ఊడి వచ్చేసింది. ముసురు పట్టిన రోజుల్లో కూడా పైమట్టి ఆరిందని నీళ్ళు పోసి మేమే చంపాం. అంతకుముందు ఎండాకాలం ఒక కరివేపాకు మొక్క నీళ్ళు చాలక ఎండిపోయింది. అందుకే ఈ పని మొదలుపెట్టాను. మీటరు కొనాలనుకునేవాళ్ళు ముందుగా 1వ దశ చదవండి. తొందరగా ఉంటే 2వ దశ ఒక్కటీ చదివినా సరిపోతుంది.

మాది కోనసీమలో అల్లవరం వైపు, సముద్రానికి దగ్గరి ఊరు. కాలువ నీళ్ళు ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది లేదు. వేసవిలో కాలువలు కట్టేశాక బోరే గతి, ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఈ సంగతి చివర్లో పెద్ద తలనొప్పి తెచ్చింది కాబట్టి ముందే చెబుతున్నాను.

పరీక్షకు పెట్టుకున్న కుండీలు, అన్నీ 10 అంగుళాలవి:

1. మందారం, ప్లాస్టిక్ కుండీ, కడియం నర్సరీ నుంచి తెచ్చిన ఎర్రమట్టి మిక్స్
2. మందారం, మట్టి కుండీ, అదే మిక్స్
3. మల్లె, ప్లాస్టిక్ కుండీ, మా చేలో నల్లమట్టి
4. కరివేపాకు, ప్లాస్టిక్ కుండీ, సగానికి పైగా కోకోపీట్ (కొబ్బరి పీచుపొడి)
5. నిమ్మ, ప్లాస్టిక్ కుండీ, ఎర్రమట్టి మిక్స్
6. తులసి, మట్టి కుండీ, నల్లమట్టి, ఎర్రమట్టి సగం సగం

1వ దశ: ముల్లు మీటరు (జూలై, ఆగస్టు)

బ్యాటరీ అక్కర్లేని రకం కొన్నాను. పొడవాటి ఊచ మట్టిలో గుచ్చితే పైన ముల్లు 1 నుంచి 10 దాకా తిరుగుతుంది. 1 నుంచి 3 పొడి, 4 నుంచి 7 తేమ, 8 పైన తడి అని దాని మీదే రాసి ఉంది.

మొదటి వారంలోనే అనుమానం వచ్చింది. 1వ కుండీలో ఒకే పూట అయిదు చోట్ల గుచ్చితే 4, 6, 3, 6, 7 వచ్చాయి. అంచున ఒకటి, మధ్యలో ఒకటి. రెండు అంగుళాల లోతులో 3 ఉన్నచోటే అయిదు అంగుళాలకు దించితే 7. లోతు రాసుకోకుండా తీసిన రీడింగులు దేనికీ పనికిరావని అప్పుడే ఆ వారం కాగితాలన్నీ పక్కన పడేశాను. అప్పట్నుంచి ఊచ మీద నాలుగు అంగుళాల దగ్గర దారం కట్టి, అంచుకీ కాండానికీ నడిమధ్యనే గుచ్చాను.

అయినా 4వ కుండీ దెబ్బతింది. కోకోపీట్ గుల్లగా ఉంటుంది, ఊచ చుట్టూ గాలి నిలుస్తుంది. ముల్లు రోజూ 2 దగ్గరే ఉండేది. పొడిగా ఉందనుకుని తొమ్మిది రోజులు వరసగా పోశాను. పదో రోజు కింది ఆకులు పసుపెక్కి, ముట్టుకుంటే రాలిపోయాయి. అత్తయ్య చూసి, "ముల్లు సంగతి తర్వాత, ఆకు చూడమ్మా ముందు" అన్నారు. కుండీ బోర్లిస్తే అడుగున పీట్ పిండితే నీళ్ళు కారేంత తడిగా ఉంది. మొక్క బతకలేదు.

ఆ రోజు సాయంత్రం కూర్చుని ఈ మీటరు అసలు దేన్ని కొలుస్తోందో తేల్చుకున్నాను. ఊచలో రెండు వేరువేరు లోహాలు ఉంటాయి. తడి మట్టిలో పెడితే అవి చిన్న బ్యాటరీలా పనిచేసి కాస్త కరెంటు పుట్టిస్తాయి. ఆ కరెంటే ముల్లుని తిప్పుతుంది. అందుకే బ్యాటరీ అక్కర్లేదు. అంటే అది నేరుగా నీళ్ళని కొలవడం లేదు, మట్టిలోంచి కరెంటు ఎంత సులువుగా పోతోందో చెబుతోంది. నీళ్ళలో ఉప్పు కరిగి ఉంటే కరెంటు ఇంకా సులువుగా పోతుంది.

ఇది ఎవరైనా ఇంట్లో చేసి చూడవచ్చు. ఒక టీడీఎస్ పెన్ను (లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పులు కరిగి ఉన్నాయో చూపేది) కొని నాలుగు గ్లాసులు పెట్టాను:

1. ఆర్వో నీళ్ళు: టీడీఎస్ 40, ముల్లు 3
2. కాలువ నీళ్ళు: టీడీఎస్ 190, ముల్లు 6
3. మా బోరు నీళ్ళు: టీడీఎస్ 1,650, ముల్లు 9
4. ఆర్వో నీళ్ళలో చెంచాడు ఉప్పు: పెన్ను స్కేలు దాటిపోయింది, ముల్లు 10

నాలుగు గ్లాసుల్లోనూ ఉన్నది నీళ్ళే. మొదటి గ్లాసు "పొడి" అట.

ఇంకో రెండు పాఠాలు. ఊచని కుండీలోనే వదిలేస్తే వారంలో మసకబారి, రీడింగు రెండు అంకెలు పడిపోయింది. పాత్రలు తోమే పీచుతో రుద్దితే మళ్ళీ లేచింది. గుచ్చడం, చూడడం, తీయడం, తుడవడం ఒక్క నిమిషంలో అయిపోవాలి. రెండోది, రోజూ గుచ్చితే వేళ్ళు తెగుతాయి, ఆ కన్నాల్లోంచి నీళ్ళు నేరుగా అడుక్కి జారిపోతాయి.

ఖర్చు: మీటరు 450, టీడీఎస్ పెన్ను 300. ఇప్పటికి మొత్తం 750 రూపాయలు. పోయిన మొక్కలు: 1.

2వ దశ: కాటా (సెప్టెంబరు నుంచి నవంబరు)

కరివేపాకు మొక్క మళ్ళీ తేవడానికి కడియపులంక వెళ్ళినప్పుడు నర్సరీ అతన్ని అడిగాను, ఇన్ని వేల కుండీలకి నీళ్ళు ఎప్పుడు పోయాలో ఎలా తెలుస్తుందని. "ఆయ్, మీటరెందుకండీ, కుండీ ఒక పక్కకి ఒరగేసి చూడండి, బరువే చెప్పేస్తది" అన్నాడు. ఒక కవరు మొక్క నా చేతికిచ్చి, పక్క వరసలోంచి పొద్దున్నే నీళ్ళు పెట్టిన ఇంకోటి ఇచ్చాడు. కళ్ళు మూసుకున్నా తేడా తెలిసిపోయింది.

చెయ్యి చెప్పేదాన్ని అంకెల్లోకి దించడమే ఈ దశ. ఊరెళ్ళేటప్పుడు సూట్‌కేసు తూచుకునే వేలాడే కాటా ఒకటి కొన్నాను. 50 కిలోల దాకా తూస్తుంది, 10 గ్రాముల తేడా చూపిస్తుంది. వసారాలో పాత ఉయ్యాల బల్ల కొక్కెం ఉంది, దానికి తగిలించాను.

మొదటి తప్పు తాడు. కుండీని ఎత్తడానికి ఇంట్లో ఉన్న కొబ్బరి తాడుతో ఉట్టిలా కట్టాను. రెండు రోజులు లెక్కలు కుదర్లేదు. నీళ్ళు పోయని కుండీ బరువు పెరిగింది. చివరికి తాడుని విడిగా తూస్తే పొడిగా ఉన్నప్పుడు 210 గ్రాములు, తడిస్తే 490. నైలాన్ బెల్టులు తెచ్చి మార్చాను. ఆ రెండు రోజుల అంకెలు కొట్టేశాను.

పద్ధతి ఇదీ:

1. సాయంత్రం కుండీ అడుగునుంచి కారేదాకా నీళ్ళు పోయండి. పది నిమిషాలు ఆగి మళ్ళీ పోయండి.
2. రెండు ఇటుకల మీద పెట్టి రాత్రంతా కారనివ్వండి. కింద పళ్ళెం ఉండకూడదు.
3. పొద్దున్నే తూచండి. అది నిండు తూకం.
4. నీళ్ళు ఆపి, రోజూ అదే వేళకి తూచండి. వాన పడనిచోట ఉంచాలి.
5. పొద్దున లేచేసరికే ఆకు వాలి ఉంటే ఆ తూకం రాసుకుని వెంటనే నీళ్ళు పోయండి. అది వాడు తూకం, అంటే మొక్క వాడిపోయే తూకం. మిట్టమధ్యాహ్నం వాలి సాయంత్రానికి తేరుకుంటే అది లెక్కలోకి రాదు.
6. రెండింటి తేడాయే మొక్కకు అందే నీళ్ళు. కిలో తగ్గితే లీటరు పోయినట్టు. అందులో సగం అయిపోయినప్పుడు నీళ్ళు పోయాలి.

సగం అన్నది నేను పెట్టుకున్న గీత. మొక్కని వాడేదాకా ఆపడం ఈ ఒక్క పరీక్ష కోసమే, ప్రతిసారీ చేస్తే మొగ్గలు రాలిపోతాయి. మల్లెకి ఒకసారి అలా రాలాయి కూడా.

నవంబరు మధ్యకి వచ్చిన తూకాలు, కిలోల్లో (నిండు, వాడు, నీళ్ళు పోయాల్సిన గీత):

1. మందారం, ప్లాస్టిక్: 9.42, 7.34, 8.38
2. మందారం, మట్టి కుండీ: 11.16, 9.12, 10.14
3. మల్లె, నల్లమట్టి: 11.80, 9.94, 10.87
4. కరివేపాకు, కోకోపీట్: 6.24, 3.60, 4.92
5. నిమ్మ: 9.76, 7.60, 8.68
6. తులసి: 10.90, 8.98, 9.94

3, 4 కుండీలని పక్కపక్కన పెట్టి చూడండి. నల్లమట్టి కుండీ పదికి దగ్గర కిలోలున్నా మల్లె వాడింది. మట్టి చేత్తో పిసికితే ఇంకా చల్లగా, జిగటగా ఉంది. సన్నని రేణువులు నీళ్ళని గట్టిగా పట్టుకుని వేరుకి వదలవు. కోకోపీట్ కుండీలో దానికంటే ముప్పావు లీటరు పైగా ఎక్కువ నీళ్ళు వేరుకి అందుతాయి. మట్టి తడిగా ఉండడం వేరు, మొక్కకి నీళ్ళు అందడం వేరు అని నాకు ఈ రెండు వరసలే నేర్పాయి.

1, 2 కుండీల్లో ఒకే వయసు మొక్కలు, ఒకే మిక్స్. నవంబరులో ప్లాస్టిక్ కుండీ రోజుకి 260 గ్రాములు, మట్టి కుండీ 340 గ్రాములు పోగొట్టుకున్నాయి. ఆ తేడా కుండీ గోడలోంచి ఆవిరైనదే. ఒకదానికి నాలుగు రోజులకి, రెండోదానికి మూడు రోజులకి నీళ్ళు. అప్పటిదాకా రెండింటికీ రోజూ చెరో మగ్గు పోసేవాళ్ళం.

నల్లమట్టితో ఇంకో గొడవ. వాడు తూకం దాకా ఆపినప్పుడు మట్టి కుంచించుకుని కుండీ గోడకి, మట్టికి మధ్య వేలు దూరేంత సందు పడింది. లీటరున్నర పోశాను, అడుగునుంచి ధారగా కారింది, సరిపోయిందనుకున్నాను. తూస్తే పెరిగింది 400 గ్రాములే. మిగతాదంతా సందులోంచి జారిపోయింది. కాటా లేకపోతే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. అప్పుడు కుండీని తొట్టిలో సగం మునిగేలా అరగంట నానబెడితే 11.70కి వచ్చింది. బాగా ఎండిన కోకోపీట్‌కీ ఇదే మందు, అదీ మొదట్లో నీళ్ళు తీసుకోదు.

తులసి లెక్క మాత్రం రెండు వారాలు తేలలేదు. రాత్రి ఒక తూకం, పొద్దున దానికంటే 240 గ్రాములు ఎక్కువ. అత్తయ్య తెల్లారకముందే దీపం పెట్టి రాగి చెంబుతో నీళ్ళు పోస్తారు. కొలిస్తే చెంబుకి 250 మిల్లీలీటర్లు, తులసి తాగేది రోజుకి 190. పూజ నీళ్ళు ఆపమని నేను అడగను. మట్టి మార్చాను. సగానికి సగం గోదావరి ముతక ఇసుక కలిపి, అడుగు కన్నం పెద్దది చేశాను. ఆవిడే చిన్న చెంబు తీశారు, అందులో 150 పడతాయి. తులసి డిసెంబరు నుంచి కొత్త చిగుళ్ళు వేసింది. పైన రాసిన 6వ వరస పాత మట్టిది.

ఖర్చు: కాటా 380, బెల్టులు 90. మొత్తం 1,220. పోయిన మొక్కలు: 1.

3వ దశ: ఎలక్ట్రానిక్ సెన్సర్ (డిసెంబరు నుంచి ఫిబ్రవరి)

రోజూ పది కిలోల కుండీలు ఎత్తడం నడుముకి మంచిది కాదు. కాటాతో గీత తెలిసిపోయింది కాబట్టి ఆ గీతని సెన్సర్‌కి నేర్పిస్తే చాలనుకున్నాను.

ఫోర్కులా రెండు కాళ్ళుండే సెన్సర్ కొనకండి. అది మట్టిలోకి కరెంటు పంపి కొలుస్తుంది, కాళ్ళు కొన్ని వారాల్లోనే తుప్పు పడతాయి. నేను కెపాసిటివ్ రకం తీసుకున్నాను, చప్పటి నల్లపట్టీ, లోహం బయటికి కనపడదు. నీళ్ళు విద్యుత్ క్షేత్రాన్ని నిలుపుకునే గుణం గాలితో పోలిస్తే 80 రెట్లు, పొడి మట్టితో పోలిస్తే ఇరవై రెట్ల దాకా ఉంటుంది. ఇది ఆ తేడాని చూస్తుంది. అంకె తగ్గితే తడి, పెరిగితే పొడి. నాలుగు కొని 1, 3, 4, 5 కుండీల్లో పెట్టి ఈఎస్‌పీ32 అనే, వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డుకి కలిపాను.

చెడినవి వరసగా:

1. వైఫై ఆన్ చేయగానే రెండు కుండీల అంకెలు సున్నా అయ్యాయి. ఈ బోర్డులో కొన్ని పిన్నులు వైఫై నడుస్తుంటే కొలత ఇవ్వవు. 32 నుంచి 39 వరకు ఉన్న పిన్నులకే మార్చాను, సరిపోయింది. రెండు రోజులు పోయాయి.
2. ఒక్కసారి చదివితే అంకె 60 దాకా అటూ ఇటూ ఊగుతోంది. పదిసార్లు చదివి సగటు తీస్తే ఊగుడు 10కి తగ్గింది.
3. జనవరి మంచుకి రెండు సెన్సర్లు పోయాయి. పట్టీకి పైన చిప్పు ఉన్న భాగానికి ఏ పూతా లేదు, తెల్లారేసరికి మంచు నీళ్ళు అందులో దిగాయి. పట్టీ అంచులు కూడా తడి పీల్చి ఉబ్బాయి. కొత్తవాటికి చిప్పు మీద, అంచుల చుట్టూ గోళ్ళరంగు మూడు పూతలు వేసి, పై భాగానికి వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను. ఆ తర్వాత ఒక్కటీ పోలేదు.
4. పట్టీకి మట్టికి మధ్య గాలి ఉంటే ఇదీ అబద్ధమే చెబుతుంది. ముందు కత్తితో సన్నటి చీలిక చేసి, పట్టీని దించి, చుట్టూ మట్టి నొక్కి, ఒకసారి నిండుగా నీళ్ళు పోశాకే లెక్క మొదలుపెట్టాలి.

సెన్సర్‌ని గాల్లో పెడితే 2,780, నీళ్ళలో పెడితే 1,190 వచ్చాయి. చాలామంది ఈ రెండింటినీ 0, 100 శాతంగా పెట్టుకుని ఊరుకుంటారు. నేనూ వారం అలాగే ఉంచాను, కానీ అది కుండీ గురించి ఏమీ చెప్పదు. కాటా పక్కన పెట్టి మళ్ళీ చేశాను. 1వ కుండీ:

9.42 కిలోలు: 1,410
8.90: 1,560
8.38 (గీత): 1,790
7.80: 2,100
7.34 (వాడు): 2,290

3వ కుండీ నల్లమట్టిలో గీత దగ్గర 1,620, మల్లె వాడేటప్పటికి 1,850. 4వ కుండీలో గీత 2,080. అంటే 1,850 అన్న అంకె కనిపిస్తే మల్లెకి గొంతు ఎండుతోంది, మందారానికి నీళ్ళ వేళ కాస్త దాటింది, కరివేపాకుకి ఇంకా కావలసినన్ని ఉన్నాయి. అన్ని కుండీలకీ ఒకే అంకె పెట్టి ఆటోమేటిక్ మోటారు బిగించుకునేవాళ్ళు ఈ మూడు వరసలు చూసుకోండి.

2వ దశలో తెచ్చిన కొత్త కరివేపాకు గురించి ఒక మాట. ఈసారి పీట్ ఇటుక కొనకుండా అంబాజీపేట వైపు నుంచి పీచుపొడి బస్తా తెచ్చాను. ముల్లు మీటరు పెడితే పైకి పొడిగా కనిపించే పీచులో కూడా 7. పీచుపొడిలో సహజంగానే ఉప్పు ఉంటుంది. కాలువ నీళ్ళతో కడిగి, కారిన నీళ్ళ టీడీఎస్ కొలిస్తే మొదటిసారి 1,900, రెండోసారి 900, మూడోసారి 400. మూడు కడుగులు అయ్యాకే కుండీలో వేశాను.

ఖర్చు: సెన్సర్లు నాలుగు 480, పోయినవాటి బదులు రెండు 240, బోర్డు 420, వైర్లు, ఛార్జరు 250, గోళ్ళరంగు 60. ఈ దశకి 1,450. 2వ దశలో తెచ్చిన కరివేపాకు మొక్క 80. మొత్తం 2,750. పోయిన మొక్కలు: 1.

4వ దశ: కాలువలు కట్టేశాక (ఏప్రిల్, మే)

ధవళేశ్వరం దగ్గర కాలువలకి నీళ్ళు ఆపగానే పది రోజుల్లో మా బోదె (పిల్లకాలువ) ఎండింది. కుండీలకి బోరు నీళ్ళు పోయడం మొదలుపెట్టాం.

మూడో వారంలో నిమ్మ ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకి తిరిగాయి. పొద్దున్నే ఆకు వాలి ఉంది. ముల్లు మీటరు 8, అంటే తడి. సెన్సర్ 1,690, అంటే గీతకి ఇంకా దూరం. కాటా 8.66, అంటే గీత దాటింది. మూడింటిలో కాటా ఒక్కటే మొక్క చెప్పినట్టు చెప్పింది. జనవరిలో ఇదే కుండీ ఇదే బరువు దగ్గర సెన్సర్ 1,810 చూపించింది. మట్టిలో ఉప్పు పేరుకుంటే ఈ సెన్సర్ కూడా తడివైపు జరుగుతుంది, ముల్లు మీటరంత ఘోరంగా కాకపోయినా. పైగా ఉప్పుమట్టిలో నీళ్ళున్నా వేరు లాక్కోలేదు, అందుకే గీత దగ్గరే ఆకు వాలింది.

కుండీ అడుగున కారిన నీళ్ళు పట్టి కొలిస్తే టీడీఎస్ 3,900. పోసిన నీళ్ళు 1,650. నీళ్ళు ఆవిరైపోతున్నాయి, ఉప్పు కుండీలోనే ఉండిపోతోంది.

చేసింది:

1. ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్‌లో పట్టాను. రాత్రికి 7, 8 లీటర్లు వస్తాయి, టీడీఎస్ 20.
2. రెండు రాత్రుల నీళ్ళు, 15 లీటర్లు, నిమ్మ కుండీలోంచి నిదానంగా గంటసేపు దించాను.
3. కారే నీళ్ళు ప్రతి 3 లీటర్లకి కొలిచాను: 3,900, 2,800, 2,000, 1,500, 1,150.
4. ఆ తర్వాత రోజువారీ సగం ఏసీ నీళ్ళు, సగం బోరు నీళ్ళు. ఎరువు వేయడం ఆపేశాను.
5. ప్రతిసారీ పదోవంతు అడుగునుంచి కారేలా పోస్తున్నాను, ఉప్పు దాంతో పోతుందని.

మే ఎండల్లో 1వ కుండీ మందారం రోజుకి 820 గ్రాములు తాగింది. వానల ముసురులో ఒకరోజు 60 గ్రాములే తగ్గిందని ఇప్పుడు పాత కాగితం తీసి చూస్తే నమ్మబుద్ధి కాలేదు. ఆ రెండు రోజులకీ ఒకే మగ్గు పోసిన చెయ్యి మాది.

ఖర్చు: ఏమీ లేదు. మొత్తం 2,750. పోయిన మొక్కలు: 1. నిమ్మ బతికింది, కాని మూడోవంతు ఆకులు రాల్చింది.

5వ దశ: జూన్

కాలువకి నీళ్ళొచ్చాయి. మొదటి రోజుల్లో ఎర్రగా ఉన్నాయి, టీడీఎస్ 210. కుండీలన్నింటినీ ఒకసారి కడిగి, నిండు తూకాలు మళ్ళీ తీశాను. మందారం పెరిగింది కాబట్టి 1వ కుండీ 9.42 కాదు, ఇప్పుడు 9.71. గీతని కూడా అంతే పైకి జరిపాను. కొమ్మలు కత్తిరించినప్పుడు, మట్టి మార్చినప్పుడు, లేకపోతే మూడు నెలలకోసారి ఈ పని మళ్ళీ చేయాలి.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి: సెన్సర్ అంకె ఫోన్లో చూడడం, ఆదివారం ఒక్కరోజు కాటాతో సరిచూడడం, రెండూ కలవకపోతే కాటా మాటే వినడం. ముల్లు మీటరు టీడీఎస్ పెన్ను పక్కనే ఉంది. ఒకే కుండీలో ఒకే నీళ్ళు పోస్తున్నంతకాలం నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చుకోవడానికి పనికొస్తుంది. కొత్త కుండీ గురించి దాన్ని అడగను.

మిగిలిన పని మల్లె. నల్లమట్టిలో నీళ్ళు పోయాల్సిన గీతకీ, వాడు తూకానికీ మధ్య 930 గ్రాములే ఉన్నాయి, మేలో అది ఒక్క రోజు ఎండకి చాలదు. నిన్న సాయంత్రం దాన్ని దించి, నల్లమట్టి ఒక పాలు, ఇసుక ఒక పాలు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి మళ్ళీ నాటాను. రాత్రంతా ఇటుకల మీద ఉంది. ఈ పొద్దున నిండు తూకం 10.35. అత్తయ్య పుస్తకంలో రాశారు.